ఆ వారం పని వెతికారా?

బ్రాడ్‌నర్ ఫెర్రీ,
మార్చి 7, 1982.

వెరోనా అక్కకు,

నిన్నటితో నా ఇరవై ఆరు వారాల నిరుద్యోగ భృతీ అయిపోయింది. ఉక్కు మిల్లులో కొలిమి ఆర్పేసిన రోజు మా ఫోర్‌మన్ అందరినీ నిలబెట్టి, "ఆరు వారాలు ఓపిక పట్టండి, మళ్లీ కబురు పెడతారు" అన్నాడు. ఆ తర్వాత ఆయన్నీ తీసేశారు. మొన్న భృతి ఆఫీసు దగ్గర లైన్లో నా వెనకే నిలబడ్డాడు. నువ్వేంటయ్యా ఇక్కడ అని ఎవరో అడిగితే, ఓపిక పడుతున్నాను అన్నాడు. అందరం నవ్వాం. పాపం, ఆయనా నవ్వాడు.

ఇప్పుడు నీతో పనిపడింది. నువ్వు అలాంటి ఆఫీసులోనే బల్లకి అటువైపు కూర్చునేదానివి కదా. ఇక పొడిగింపుకి వెళ్లాలి అంటూ ఇక్కడి గుమాస్తా ఓ కాగితం చేతిలో పెట్టాడు. మూడుసార్లు చదివాను. ఒక వాక్యంలో ఇస్తామని ఉంది, దాని కింద వాక్యంలో ఇవ్వమని ఉన్నట్టుంది. ఇరవై రెండేళ్లు కరిగిన ఉక్కు పక్కన నిలబడ్డాను గానీ ఇంత చెమట పట్టలేదు. కాస్త మన భాషలో చెప్పు.

మా అమ్మాయి జుజానా చదువు జూన్ పదితో పూర్తవుతుంది. అందాకా ఈ ఇంట్లో ఉండగలిగితే చాలు. మిల్లులో నాతో పనిచేసి టెక్సాస్ వెళ్లిన గొంబార్ రమ్మని రాస్తున్నాడు, కానీ వాడింకా కారులోనే పడుకుంటున్నాడు. బడి ఆఖరి ఏడాదిలో పిల్లని అక్కడికి ఎలా తీసుకుపోను? నీ మరదలు ఇలోన్కా అయితే నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది, జూన్ దాకా పిల్లని కదపనని. తను ఈమధ్య కాస్త నీరసంగా ఉంటోంది. ఈస్టర్ ముందు ఉపవాస రోజులు కదా, చర్చి వంటగదిలో బంగాళాదుంప కూరిన పిరోహీలు చుట్టీ చుట్టీ అలసిపోయింది.

ఫోన్ తీయించేశాం. ఉత్తరమే రాయి.

నీ తమ్ముడు,
ష్టెఫాన్


పోర్ట్ ఆల్డన్,
మార్చి 10.

ఒరే ష్టెఫాన్,

నిప్పుతో కాపురం చేసినవాడివి ఒక్క కాగితానికి బెదిరిపోయావా? సరే, చెవులు రిక్కించి విను. రోజుకి నలభై మందికి చెప్పే పాఠమే.

మొదటి ఇరవై ఆరు వారాలూ మామూలు భృతి. అది అయిపోయాక ఇంకో పదమూడు వారాలు పొడిగింపు. ఇది ఎప్పుడూ ఉండేది కాదు. రాష్ట్రంలో పని లేనివాళ్లు ఒక హద్దు దాటి పెరిగితేనే ఈ తలుపు తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ఇప్పుడు తెరిచే ఉంది. అందరూ రోడ్డున పడ్డారు కాబట్టి నీకు దొరుకుతోంది, దాన్ని అదృష్టమనాలో ఏమనాలో నాకు తెలియదు.

దానంతట అది రాదు. చాలామంది మగాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, పోస్టులో చెక్కు వస్తుందిలే అని ఇంట్లో కూర్చుంటారు. రేపే వెళ్లి కొత్త దరఖాస్తు మీద సంతకం పెట్టు. తర్వాత రెండు వారాలకోసారి కార్డు నింపాలి. ఎక్కడికి వెళ్లావు, ఏ పని అడిగావు, వాళ్లేమన్నారు. ఈ మూడు గడులూ నింపు. లెక్క చూశాను, నీ పదమూడు వారాలూ జూన్ అయిదు దాకా వస్తాయి. మిగతా అయిదు రోజులకి నేను లేనా?

ఒక్కటి గట్టిగా గుర్తుంచుకో. కార్డు మీద అబద్ధం రాయకు. వెళ్లని చోటికి వెళ్లానని రాసిన మొనగాళ్లని చాలామందిని చూశాను, వాళ్లంతా నా బల్ల ముందే దొరికిపోయారు. నా తమ్ముడు అలా దొరికితే నేను తల ఎక్కడ పెట్టుకోను? ఉన్నది ఉన్నట్టు రాయి. పొడిగింపులో పని వెతకనివాళ్లకి ఇంకో నిబంధన కూడా ఉందిలే, దాంతో నీకు పనిలేదు. నువ్వు కుదురుగా కూర్చునే రకం కాదు.

ఇలోన్కాని నాకో ఉత్తరం రాయమను. క్రిస్మస్ తర్వాత ఒక్క ముక్క లేదు. నా మీద కోపమా?

అక్క,
వెరోనా


బ్రాడ్‌నర్ ఫెర్రీ,
మార్చి 20.

అక్కా,

నువ్వు చెప్పినట్టే సంతకం పెట్టాను. గుమాస్తా నా దరఖాస్తు చూసి, ఇంత శుభ్రంగా ఎవరూ నింపలేదన్నాడు. మా అక్క పోర్ట్ ఆల్డన్ ఆఫీసులో ఉంది అని చెప్పాను. పాపం అన్నాడు. నిన్నో నన్నో తెలియలేదు.

ఈ రెండు వారాల్లో పదకొండు చోట్లకి వెళ్లాను. బడిలో ఊడ్చే పనికి నాకంటే ముందు నూటపది మంది రాసిచ్చారట. లాండ్రీ ఆవిడ నా చేతులు చూసి, వీటితో చొక్కాలు ఇస్త్రీ చేస్తే బొత్తాలు మిగలవంది. మాంసం కొట్టు కల్లాయ్ మాత్రం పని లేదు గానీ ఈ ఎముకలు తీసుకెళ్లు, పులుసు కాచుకోండి అన్నాడు. కార్డులో 'వాళ్లేమన్నారు' అన్న గడిలో ఎముకలిచ్చాడని రాయనా అని అడిగితే ఇలోన్కా చాలాసేపు నవ్వింది. ఈమధ్య తను అంతలా నవ్వి చాలా రోజులైంది.

హలుష్కీ పిండిముద్దలు ఇప్పుడు జుజానాయే చేస్తోంది. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం మెచ్చుకుని తిన్నాం.

ఇలోన్కా నీకు తప్పకుండా రాస్తానంది. చేతి నొప్పి తగ్గాక రాస్తుంది.

ష్టెఫాన్


పోర్ట్ ఆల్డన్,
ఏప్రిల్ 1.

ష్టెఫాన్,

నిన్న రాత్రి ఇంటికి చేరాను. కోటు కూడా విప్పకుండా కూర్చుని నీ రెండు ఉత్తరాలూ తీసి మళ్లీ చదివాను. ఒకదాంట్లో నీరసం అని రాశావు. ఇంకోదాంట్లో చేతి నొప్పి అని రాశావు. కడుపులో అంత పెద్ద గడ్డ పెట్టుకుని ఆ మనిషి మంచం మీద ఉంటే, నువ్వు నాకు హలుష్కీలో ఉప్పు గురించి రాశావు.

ఫాదర్ హ్లవాచ్ ఫోన్ చేసేదాకా నాకు తెలియదు. శవపేటిక దగ్గర నిలబడినప్పుడు తన మొహం నేను గుర్తుపట్టలేదు. పద్దెనిమిదేళ్లు నాకు చెల్లెలిలా తిరిగిన మనిషి. నన్ను ఒక్కసారి చూడనివ్వలేదు నువ్వు. నీ మీద కోపంగా ఉందిరా, చాలా కోపంగా ఉంది, ఏడుస్తూనే రాస్తున్నాను.

గొయ్యి నువ్వే తవ్వావని చర్చి ఆడవాళ్లు చెప్పారు. పై అడుగు మన్ను ఇంకా గడ్డకట్టే ఉందని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడివే గడ్డపార పట్టుకున్నావని. ఎందుకురా అంటే, గోతులు తవ్వే డెమ్కోకి ఇచ్చే నలభై డాలర్లు కలిసొస్తాయి అన్నావు. ఆ మాట నా ముందు అనడానికి నీకు నోరెలా వచ్చింది? నలభై డాలర్లు నన్ను అడగలేకపోయావా? భార్య గొయ్యి దగ్గర కూడా నీకు ఆ పాడు పౌరుషమేనా?

జుజానా ఎలా ఉంది? శ్మశానంలో అది ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. దాని గురించి నాకు భయంగా ఉంది.

వెరోనా


బ్రాడ్‌నర్ ఫెర్రీ,
ఏప్రిల్ 10, ఈస్టర్ ముందురోజు.

అక్కా,

నువ్వు తిట్టిన ప్రతి మాటా నాకు తగినదే. మిల్లు బీమా డిసెంబరులో ఆగిపోయింది. జనవరిలో తనకు నొప్పి మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, నీకు పని దొరకనీ, అప్పుడు చూద్దాం అంది. నేను సరేనన్నాను. అక్కా, నేను సరేనన్నాను. నెలన్నర తర్వాత తీసుకెళ్తే, చేయడానికేమీ లేదని పంపేశారు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. చెబితే నువ్వు ఉద్యోగం మానుకుని వచ్చేస్తావని తన భయం.

ఈ పొద్దున జుజానా ఒక్కతే పాస్కా రొట్టె చేసి, బుట్టలో పెట్టుకుని, చర్చికి తీసుకెళ్లి దీవెన చేయించుకొచ్చింది. అమ్మ ఏటా బుట్టకి కట్టే గుడ్డే కప్పింది. రొట్టె మధ్యలో కాలలేదు. దాని చుట్టూ కోసి బల్ల మీద పెట్టింది.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. పాతిపెట్టిన వారానికి కార్డు నింపాల్సి వచ్చింది. మార్చి ఇరవై ఏడుతో ముగిసిన వారంలో పని కోసం వెతికారా అని ఉంది. బుధవారం తను పోయింది, శనివారం పాతిపెట్టాం. అంతకుముందు రెండు రోజులు మంచం పక్కనుంచి లేవలేదు. అబద్ధం రాయకు అన్నావు కదా. లేదు అని టిక్కు పెట్టాను. ఆ ఒక్క వారం డబ్బు పోతుందేమోలే అనుకున్నాను.

నిన్న నోటీసు వచ్చింది. ఒక్క వారం కాదు, పొడిగింపు మొత్తం ఆపేశారు. మళ్లీ కావాలంటే నాలుగు వారాలు ఎక్కడైనా పని చేయాలట, భృతికి నాలుగు రెట్లు సంపాదించాలట, ఆ తర్వాత రమ్మన్నారు. పని లేదు కాబట్టి కదా నేను వాళ్ల దగ్గరికి వెళ్లింది? గుమాస్తాని అడిగాను, నా భార్య పోయిందండీ ఆ వారం అన్నాను. తల దించుకుని, ఈ నిబంధనలో దానికి గడి లేదండీ అన్నాడు. మంచివాడే.

జూన్‌కి ఇంకా రెండు నెలలుంది. ఏం చేయమంటావు?

ష్టెఫాన్


పోర్ట్ ఆల్డన్,
ఏప్రిల్ 13.

నా తమ్ముడూ,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి, బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. నేను నీకు రాయకుండా వదిలేసిన నిబంధన అదే. దాంతో నీకు పనిలేదు అని ఎంత దర్జాగా రాశానో. మామూలు భృతిలో అయితే ఆ వారం ఒక్కటే పోయేది. పొడిగింపులో ఒక్క వారం వెతకలేదంటే అంతా పోతుంది. కిందటి నెల ఒకావిడ, బిడ్డకి ఊపిరితిత్తుల జబ్బు చేసి వారం ఆసుపత్రిలో కూర్చుంది. నీలాగే నిజం రాసింది. ఆ నోటీసు మీద ముద్ర వేసింది నేనే. నిబంధన అంతే అమ్మా అన్నాను. ఇప్పుడు ఆవిడ మొహమే కనిపిస్తోంది.

కానీ దారి ఉంది. నోటీసు వచ్చిన పదిహేను రోజుల్లో అప్పీలు పెట్టు. విచారణ అధికారి ముందు నిన్ను కూర్చోబెట్టి అడుగుతారు. ఆ వారంలో ఒక్కచోటైనా పని అడిగినట్టు సాక్ష్యం ఉంటే నిలబడొచ్చు.

నువ్వు అడిగావు, ష్టెఫాన్. ఫాదర్ దగ్గరికి వెళ్లి, గొయ్యి తవ్వే పని డెమ్కోకి ఇవ్వకండి, నాకివ్వండి, డబ్బు కలిసొస్తుంది అన్నావు. నలభై డాలర్ల పని అడిగావు, దొరికింది, చేశావు. కార్డులో ఆ మూడు గడులకీ జవాబుంది. దుఃఖంలో ఉండి అది పని అని తోచక లేదు అని రాశానని చెప్పు. ఫాదర్ చేత ఒక కాగితం రాయించుకో. ఇది అబద్ధం కాదు. ఉన్నదే చెబుతున్నావు.

వెరోనా


బ్రాడ్‌నర్ ఫెర్రీ,
ఏప్రిల్ 16.

అక్కా,

అప్పీలు పెట్టాను. రెండోది నా వల్ల కాదు. ఇలోన్కా గోతిని ఆ గడిలో రాయమని నన్ను ఇంకెప్పుడూ అడగకు. ఎందుకని కూడా అడగకు.

గొంబార్‌కి రాశాను, నెలాఖరుకి వస్తామని.

ష్టెఫాన్


పోర్ట్ ఆల్డన్,
ఏప్రిల్ 19.

ష్టెఫాన్,

అడుగుతాను. నీ అక్కని, అడుగుతాను.

నెలాఖరుకి వస్తామని రాశావా? ఎవరు, నువ్వూ జుజానానా? అది తల్లిని పాతిపెట్టి నెల కాలేదు. ఇప్పుడు బడి మాన్పించి, స్నేహితుల్ని వదిలించి, కారులో పడుకోబెడతావా? ఇంకో ఏడు వారాల్లో అది స్టేజీ ఎక్కి పట్టా పుచ్చుకోవాలి. ఇలోన్కా నీ చేత చేతిలో చెయ్యి వేయించుకుంది ఎందుకు? నీ పౌరుషం కాపాడమనా?

నీ బాధ నాకు తెలియదనుకోకు. మీ బావ పోయినప్పుడు ఆయన బూట్లు అమ్మాను. కొనుక్కున్నవాడు నా ముందే తొడుక్కుని నడిచి చూసుకున్నాడు. బతికున్నవాళ్ల కోసం చేశాను. ఆయన ఏమీ అనుకోలేదు, ఇలోన్కా కూడా అనుకోదు. ఒక్క గంట కూర్చుని జవాబు చెప్పి రావడమే. తర్వాత దాన్ని మర్చిపో.

పోయినామెకి ఇచ్చిన మాట ఒకవైపు ఉంది, నీ సిగ్గు ఒకవైపు ఉంది. నువ్వే ఆలోచించుకో.

వెరోనా


బ్రాడ్‌నర్ ఫెర్రీ,
ఏప్రిల్ 29.

అక్కా,

అయిపోయింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

మంగళవారం పొద్దున ఫాదర్ దగ్గరికి వెళ్లాను. సంగతంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ రోజు నువ్వు నాతో ఏమన్నావో అదే రాస్తాను ష్టెఫాన్. అంతకుమించి నన్ను అడక్కు" అన్నాడు.

"అంతే చాలు ఫాదర్."

"ఆ రోజు నువ్వన్నది నిజమేనా?"

"రాయండి ఫాదర్" అన్నాను. రాసి సంతకం పెట్టాడు.

విచారణ కౌంటీ ఆఫీసు మేడ మీద. అధికారి చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. పక్కన టైపు కొట్టే అమ్మాయి. నా చేత బైబిలు మీద ప్రమాణం చేయించారు. ఆ తర్వాత మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రావడం లేదు.

"మిస్టర్ హుడాక్, మార్చి ఇరవై ఏడుతో ముగిసిన వారంలో మీరు పని అడిగారా?"

"అడిగాను."

"ఎక్కడ?"

"సెయింట్ సిరిల్ చర్చిలో."

"ఏం పని?"

"గొయ్యి తవ్వే పని."

"ఆ పని ఎందుకు అడిగారు?"

"డబ్బు కలిసొస్తుందని."

"దొరికిందా?"

"దొరికింది. నలభై డాలర్లు తగ్గించారు."

"తగ్గించారా? దేంట్లో?"

"ఖననం ఖర్చులో."

అతనికి అర్థం కాలేదు. కాగితాలు తిరగేశాడు. "అది ఎవరి గొయ్యి, మిస్టర్ హుడాక్?"

"మా ఆవిడది."

టైపు ఆగిపోయింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. నన్ను క్షమించండి, ఇది రికార్డులోకి వెళ్లాలి, ఇంకోసారి చెప్పండి అన్నాడు. ఇంకోసారి చెప్పాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరో వచ్చి బాగానే ఉన్నారా అని అడిగారు.

జుజానాకి ఇదంతా చెప్పలేదు. పని కోసం వెళ్లానని చెప్పాను.

ష్టెఫాన్


పోర్ట్ ఆల్డన్,
మే 7.

తమ్ముడూ,

నువ్వు గెలిచావు. నిన్న మా పై అధికారిని బతిమాలి కనుక్కున్నాను. తీర్పు కాగితం నీకు పోస్టులో వస్తుంది. ఆపిన వారాలన్నిటికీ కలిపి ఇస్తారు.

రెండో సంగతి మంచిది కాదు. పొడిగింపు మన రాష్ట్రంలో మే పదిహేనుతో ఆగిపోతోంది. అందరికీ, మధ్యలో ఉన్నవాళ్లకి కూడా. లెక్క ప్రకారం పని లేనివాళ్లు తగ్గారట. నీలాగా ఇరవై ఆరు వారాలూ అయిపోయినవాళ్లని ఆ లెక్కలో కలపరు. పైగా ఈ ఏడాది కష్టం గత రెండేళ్ల కష్టం కంటే బాగా పెరిగితేనే తలుపు తెరిచి ఉంటుంది. రెండేళ్లుగా ఇలాగే చస్తున్నాం కాబట్టి ఇది కొత్త కష్టం కిందికి రాదట. సోమవారం నుంచి నా బల్ల ముందుకొచ్చే ప్రతివాడికీ ఇది నేనే చెప్పాలి.

జూన్ దాకా మిగిలిన వారాలకి నేను డబ్బు పంపుతున్నాను. వద్దంటే ఊరుకోను. జుజానా అక్కడే చదువు పూర్తి చేస్తుంది. పదో తేదీన నేనొచ్చి మొదటి వరసలో కూర్చుంటాను. ఎలాగో గట్టెక్కాంరా. నువ్వు ఆ గదిలో చెప్పిన నాలుగు మాటలు ఊరికే పోలేదు.

మీ అక్క,
వెరోనా


బ్రాడ్‌నర్ ఫెర్రీ,
మే 12.

అక్కా,

డబ్బు పంపకు. జుజానా శనివారం బస్సుకి నీ దగ్గరికి వస్తోంది.

సోమవారం నేను పని కోసం ఊళ్లోకి వెళ్లినప్పుడు తీర్పు కాగితం వచ్చింది. ప్రభుత్వం ముద్ర చూసి, మళ్లీ ఏదో నోటీసు అనుకుని పిల్ల విప్పింది. అందులో అంతా వివరంగా రాశారు. దరఖాస్తుదారు తన భార్యకు గొయ్యి తవ్వే పనిని ధనం నిమిత్తం తానే అడిగి పొందాడు, ప్రతిఫలం నలభై డాలర్లు, కాబట్టి ఆ వారంలో పని కోసం వెతికినట్టే భావించడమైనది. నేనొచ్చేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉంది. కాగితం నా వైపు తోసింది.

"నలభై డాలర్లకా నాన్నా?" అంది.

శ్మశానంలో ఏడవని పిల్ల, ఇప్పుడూ ఏడవలేదు. నేను నిలబడే ఉన్నాను. కాదమ్మా, అక్కడ అబద్ధం చెప్పానమ్మా అన్నాను. "ప్రమాణం చేసి చెప్పావని ఇందులో ఉంది. అమ్మ గొయ్యి గురించి ప్రమాణం చేసి అబద్ధం చెప్పావా, లేకపోతే ఇప్పుడు చెబుతున్నావా?" అంది. ఏది చెప్పినా నేను ఏదో ఒకచోట తప్పు మనిషినే. రెండు రోజులైంది, నేను కూర్చున్న బల్ల దగ్గర అన్నం తినడం లేదు. నా ఎదురుగా ఉండి ఆ పట్టా పుచ్చుకోలేనంది. ఆ డబ్బుతో చదివిన చదువు వద్దంది. నాలుగు వారాలే కదమ్మా అంటే, అత్తయ్య దగ్గరికి పంపు అంది.

దానికి నువ్వు చెప్పాలి. నా మాట నమ్మదు, నీ మాట నమ్ముతుంది. అందుకే నీకూ ఇప్పుడే మొదటిసారి చెబుతున్నాను.

డెమ్కోకి ఇవ్వడానికి నా దగ్గర డబ్బుంది, అక్కా. జేబులోనే ఉంది. ఫాదర్‌కి ఇద్దామని వెళ్లాను. రేపు పొద్దున డెమ్కో యంత్రం తెస్తాడులే అన్నాడాయన. ఆ ఇనప పళ్లు తన చోటుని పెళ్లగించడం నేను చూడలేననిపించింది. జనవరిలో నేను సరేనన్నాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇంక తనకి చేయడానికి నా చేతిలో మిగిలింది అదొక్కటే. ఎవరి చెయ్యీ పడకుండా నేనే తవ్వాలి, పక్కలు నున్నగా చెక్కాలి, అడుగున రాయి లేకుండా ఏరాలి. ఆ మాట ఫాదర్ మొహం చూసి చెప్పడానికి సిగ్గేసింది. మన నాన్న ఉంటే, మగాడివేనా అనేవాడు. అందుకని డబ్బు కలిసొస్తుంది ఫాదర్ అన్నాను. నువ్వడిగినప్పుడు నీకూ అదే చెప్పాను. ఆ తర్వాత బైబిలు మీద చెయ్యి పెట్టి ఇంకోసారి చెప్పాను.

బస్సు సాయంత్రం అయిదింటికి అక్కడికి చేరుతుంది. దానికి ఆకలేసినా అడగదు, నువ్వే పెట్టు. ఇదంతా చెప్పాక నమ్ముతుందో లేదో నాకు రాయి. గొంబార్ చిరునామా కింద రాశాను, ఆదివారం బయల్దేరుతున్నాను.

డబ్బు లేదని చెప్పడం నాకు ఈ ఏడాదిలో బాగా అలవాటైపోయింది, అక్కా. ప్రేమకొద్దీ చేస్తున్నానని చెప్పడమే నాకు రాలేదు.

ష్టెఫాన్